సీడీ ఎవరింటికి పోతుందో చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి

పోయినేడు పెత్రమాస నాడు పొద్దున్నే దేవరకొండ నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. "బిడ్డా, నువ్వు పంపిన సీడీ కారుల పాడుతలేదు. లోపలికి తీసుకుంటది, గిర్రున తిరుగుతది, మళ్ళ బయటికి నెడుతది" అంది. ఆ సీడీలో ఉన్నవి ఆమె పాటలే. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళ వాకిట్లో బతుకమ్మ ఆడుతుంటే మామయ్య టేప్‌రికార్డర్‌లో పట్టిన నాలుగు క్యాసెట్లు. వాటిని నల్లగొండలో మా ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎంపీ3లు చేసి, అన్నీ ఒక్క సీడీలో సర్ది పంపాను. నా దగ్గర చక్కగా పాడింది. మామయ్య పాత కారులోని ప్లేయర్‌కు మాత్రం ఎంపీ3 అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ఆడియో సీడీ ఒక్కటే.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు లేదు, సీడీ తప్పూ లేదు. ఈ డిస్క్ ఎక్కడ తిరగాలి అని నేను ముందే అడగలేదు. ఆ పాటలను మళ్ళీ రైట్ చేయాల్సి వచ్చినప్పుడు నాకు దొరికిన ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా వాడి చూశాను. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఎదురు అడిగేది ఒకటే: ఆ సీడీని తెరిచేది ఎవరు, ఎందులో?

పెన్‌డ్రైవ్‌లు ఉండగా ఇంకా సీడీ ఎందుకు అనొచ్చు. ఎంఆర్ఐ తీయించుకుంటే చాలా స్కానింగ్ సెంటర్లు ఇప్పటికీ ఫిల్మ్‌తో పాటు సీడీ చేతిలో పెడతాయి. పాత కార్లలో యూఎస్‌బీ రంధ్రం ఉండదు. సీసీ కెమెరా ఫుటేజీ కాపీ సీడీలో కావాలని అడిగే వకీళ్ళు ఉన్నారు. పెద్దవాళ్ళకు ఫోన్‌లో వెతకడం కంటే డిస్క్ పెట్టి బటన్ నొక్కడం తేలిక. కాబట్టి ఇంట్లో ఒక సీడీ రైటర్, ఒక మంచి సాఫ్ట్‌వేర్ ఉండటం ఇప్పటికీ అక్కరకొచ్చే విషయమే.

ముందు డిస్క్ రకం

సాఫ్ట్‌వేర్ తెరవగానే ఆడియో డిస్కా, డేటా డిస్కా అని అడుగుతుంది. చాలామంది తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆడియో సీడీ అంటే 1980లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రాసుకున్న పద్ధతి. పాట ఫైలుగా ఉండదు, సెకనుకు 44,100 నమూనాల చొప్పున నేరుగా ధ్వనిగా రాయబడుతుంది. మామూలు సీడీలో 80 నిమిషాలు పడతాయి, అంతే. మీ పాటలు ఎంపీ3లైనా, ఫోన్ రికార్డింగులైనా సాఫ్ట్‌వేర్ వాటిని విప్పి ఈ రూపంలోకి మార్చి రాస్తుంది. సీడీ పెట్టుకునే దాదాపు ఏ పాత ప్లేయరైనా దీన్ని పాడుతుంది.

డేటా సీడీ అంటే ఫైళ్ళను ఫైళ్ళుగానే పెట్టడం. 700 ఎంబీ పడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లైతే సుమారు పన్నెండు గంటల పాటలు. కంప్యూటర్‌కు, ముందు భాగం మీద ఎంపీ3 అని రాసి ఉన్న ప్లేయర్‌కు ఇది సరిపోతుంది. మిగతావాటికి కాదు.

ఇక్కడ ఒక విషయంలో అనవసరంగా టెన్షన్ పడతారు, నేనూ పడ్డాను. 80 నిమిషాల పాటలను డబ్ల్యూఏవీ, అంటే కుదించని ధ్వని ఫైళ్ళుగా మార్చి చూస్తే 800 ఎంబీ దాటి చూపిస్తుంది. సీడీ చూస్తే 700 ఎంబీ. పట్టదేమో అనిపిస్తుంది. పడుతుంది. డేటా రాసేటప్పుడు డిస్క్ మీద ఒక్కో గడిలో 2,048 బైట్లే అసలు సరుకు, మిగతాది తప్పులు దిద్దుకోవడానికి కేటాయిస్తారు. ఆడియోలో అదే గడిలో 2,352 బైట్లూ పాటకే. అందుకే ఆడియో డిస్క్‌కు ఎంబీలు లెక్కపెట్టొద్దు, నిమిషాలు లెక్కపెట్టండి. గీత పడితే పాట టక్కుమనడానికి కూడా ఇదొక కారణం, దిద్దుకునే అవకాశం అందులో తక్కువ.

విండోస్‌లో ఉన్నదే చాలా?

చాలా ఇళ్ళకు చాలు. ఏదీ డౌన్‌లోడ్ చేయకముందు దీన్ని వాడి చూడండి. ఎక్స్‌పీ కాలం, అంటే 2001 నుంచీ విండోస్‌లోనే సీడీ రైట్ చేసే ఏర్పాటు ఉంది.

పాటలకైతే విండోస్ మీడియా ప్లేయర్. విండోస్ 11లో కొత్త మీడియా ప్లేయర్ ఒకటి వచ్చింది, సీడీ బర్న్ చేయడానికి కావాల్సింది అది కాదు. స్టార్ట్ మెనూలో వెతికితే విండోస్ మీడియా ప్లేయర్ లెగసీ అని పాతది కనిపిస్తుంది. అందులో కుడివైపు బర్న్ అనే ట్యాబ్ ఉంటుంది. పాటలను లాగి అందులో వేయాలి, పైన ఉన్న చిన్న గుర్తు నొక్కి ఆడియో సీడీ అని ఎంచుకోవాలి. అదే మెనూలో మోర్ బర్న్ ఆప్షన్స్ అని ఉంటుంది. దాన్ని తెరవకుండా బర్న్ నొక్కకండి. పాటల మధ్య ఖాళీ లేకుండా రాయాలా, అన్ని పాటల సౌండ్ ఒకే స్థాయికి తేవాలా, ఎంత వేగంతో రాయాలి అనేవి అక్కడే ఉంటాయి.

ఖాళీ సంగతి మా అత్తమ్మ పాటలతోనే నాకు తెలిసొచ్చింది. బతుకమ్మ పాట సినిమా పాటలాగా నాలుగు నిమిషాల్లో ముగియదు. ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు ఉయ్యాలో అని కలుపుతారు, చప్పట్లు ఆగవు, పాట మీద పాట నడుస్తూనే ఉంటుంది. క్యాసెట్ ఒక్కో వైపును అలాగే ఒకే ట్రాక్‌గా పెడితే కావాల్సిన పాట వెతుక్కోవడం కష్టం కాబట్టి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముక్కలుగా కోశాను. మొదటిసారి రాసినప్పుడు ప్రతి ముక్క మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వచ్చింది. చప్పట్ల వరుసలో, చెయ్యి గాలిలో ఉండగా పాట తెగి, మళ్ళీ చప్పట్ల నడుమ మొదలైంది. వినలేకపోయాను. ఖాళీ లేకుండా అనే గుర్తు పెట్టి మళ్ళీ రాస్తే ట్రాక్ మారినట్టే తెలియలేదు. సౌండ్ స్థాయి సమం చేసే ఆప్షన్ మాత్రం తీసేశాను. దగ్గరి గొంతు, దూరపు గొంతు ఆ రికార్డింగ్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి.

ఫైళ్ళకైతే మామూలు ఫోల్డర్ కిటికీయే చాలు. ఖాళీ సీడీ పెట్టగానే డిస్క్‌ను ఎలా వాడతారు అని రెండు దారులు చూపిస్తుంది. మొదటిది, పెన్‌డ్రైవ్ లాగా. రెండోది, సీడీ లేదా డీవీడీ ప్లేయర్‌తో. మొదటిది చూడటానికి తేలిక, ఎప్పుడంటే అప్పుడు ఫైలు వేసుకోవచ్చు. కానీ అలా రాసిన డిస్క్‌ను పాత ప్లేయర్లు, కొన్ని పాత కంప్యూటర్లు తీసుకోవు. ఇంకొకరికి ఇచ్చే డిస్క్ అయితే ఎప్పుడూ రెండోదే ఎంచుకోండి. ఫైళ్ళన్నీ పేర్చాక చివర్లో ఒక్కసారే రాస్తుంది.

విండోస్ వాటాలో నాకు కనిపించిన పెద్ద లోటు, రాసిన తర్వాత సరిచూసే దశ ఫోల్డర్ పద్ధతిలో లేకపోవడం. ఐఎస్ఓ ఫైలును, అంటే డిస్క్ మొత్తాన్ని అచ్చంగా పట్టి ఉంచిన ఒకే ఫైలును రాసేటప్పుడు మాత్రం వెరిఫై అనే టిక్ ఇస్తుంది. ఇంకో లోటు, చేతిలో ఉన్న డిస్క్‌ను ఐఎస్ఓగా తీసుకోవడం విండోస్‌కు సొంతంగా రాదు. ఈ రెండిట్లో ఏది అవసరమైనా బయటి సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సిందే.

సీడీబర్నర్‌ఎక్స్‌పీ

బయటి వాటిలో ఒక్కటే వేసుకోవాలంటే నా సలహా ఇది. పేరులో ఎక్స్‌పీ ఉందని పాతదనుకుని వదిలేయకండి, విండోస్ 10లో కూడా నడుస్తుంది. ఉచితం. తెరవగానే డేటా డిస్క్, ఆడియో డిస్క్, ఐఎస్ఓ రాయడం, డిస్క్ కాపీ, చెరపడం అని వరుసగా పనుల పేర్లే కనిపిస్తాయి. కింద ఒక పట్టీ ఉంటుంది, ఎంత నిండిందో చూపిస్తుంది. కంప్యూటర్ అంతగా అలవాటు లేనివాళ్ళకు ఈ వరుస చాలు, మెనూల్లో దారి తప్పరు. ఆడియోలో పాటల మధ్య ఖాళీ ఉండాలా వద్దా అడుగుతుంది. డేటా రాశాక సరిచూస్తుంది. ఆ సరిచూడటం కోసమే దీన్ని నా కంప్యూటర్‌లో ఉంచుకున్నాను.

దీనికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ అనే తోడు సాఫ్ట్‌వేర్ కావాలి, లేకపోతే ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. ఫోన్‌లో రికార్డు చేసిన ఎం4ఏ ఫైళ్ళను నేరుగా వేయకుండా ముందు ఆడాసిటీలో డబ్ల్యూఏవీ చేసుకుంటే ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా ఇబ్బంది ఉండదు. ఆడాసిటీ ఎం4ఏను తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే తోడు ఫైలు వేరుగా వేసుకోవాలి.

ఇమ్గ్‌బర్న్, స్కానింగ్ సీడీ కాపీ

నల్లగొండలో, పాలమూరులో ఎంఆర్ఐ తీయించుకుని హైదరాబాద్ డాక్టర్ దగ్గరికి పోయే ఇంట్లో ఈ కష్టం తెలిసే ఉంటుంది. ఒక్కటే సీడీ ఉంటుంది. ఒక ఆసుపత్రిలో ఇస్తే తిరిగి చేతికి రావడానికి రోజులు పడుతుంది, లేదా గీతలు పడి వస్తుంది. ఇంకో డాక్టర్ అభిప్రాయం అడగాలంటే సీడీ ఉండదు. నిరుడు మా బావ వెన్ను స్కాన్ సీడీకి ఇలాగే అయింది. దగ్గర్లోని ఒక షాపులో కాపీ చేయించి తీసుకెళ్తే అక్కడి కంప్యూటర్‌లో బొమ్మలు రాలేదు.

లోపం నేను తెరిచి చూశాక తెలిసింది. స్కానింగ్ సీడీలో బొమ్మలు డైకామ్ అనే పద్ధతిలో ఉంటాయి. ఫోల్డర్ తెరిస్తే జేపీజీ లాంటివేవీ కనిపించవు, చివర ఏ తోకా లేని పొట్టి పేర్ల ఫైళ్ళు వందల్లో ఉంటాయి. వాటితో పాటు డిస్క్ మొదట్లోనే డైకామ్‌డీఐఆర్ అనే ఒక ఫైలు ఉంటుంది. ఏ బొమ్మ ఎక్కడుందో, ఏ వరుసలో చూడాలో చెప్పే పట్టిక అది. షాపులో బొమ్మల ఫోల్డర్‌ను మాత్రమే కొత్త సీడీలోకి లాగారు, పట్టిక మిగిలిపోయింది. బొమ్మలు ఉన్నాయి, వాటికి దారి లేదు.

అందుకే స్కానింగ్ సీడీని ఫైళ్ళుగా కాపీ చేయొద్దు, డిస్క్‌ను డిస్క్‌గానే అచ్చు తీయాలి. ఈ పనికి ఇమ్గ్‌బర్న్ నాకు బాగా నచ్చింది. అందులో రీడ్ నొక్కితే మొత్తం సీడీని ఒక ఐఎస్ఓ ఫైలుగా తీసుకుంటుంది. ఎక్కడ చదవలేకపోయినా ఆగి చెబుతుంది, నిశ్శబ్దంగా దాటేయదు. తర్వాత రైట్ నొక్కి, వెరిఫై టిక్ ఉంచితే రాసి, మళ్ళీ మొదటి నుంచి చివరి వరకు చదివి పోల్చి, అయిపోయాక చిన్న రాగం వాయిస్తుంది. ఆ ఐఎస్ఓను కంప్యూటర్‌లో దాచుకుంటే ఎన్ని కాపీలు కావాలన్నా తీసుకోవచ్చు. బావకు అలా మూడు తీసి ఇచ్చాను. రెండో ఆసుపత్రిలో బొమ్మలు వెంటనే తెరుచుకున్నాయి.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. దీని చివరి వెర్షన్ 2.5.8.0, 2013లో వచ్చింది. దాని ఇన్‌స్టాలర్ వెంట వేరే ప్రోగ్రాములు కూడా వచ్చేవి. కాబట్టి నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా ప్రతి పేజీ చదివి, అక్కర్లేని టిక్కులు తీసేయండి. ఇంకా, పాటల సీడీ చేయడానికి ఇది మొదటి ఎంపిక కాదు. పాటల వరుస చెప్పే క్యూ ఫైలు అని ఒకటి తయారుచేసుకోవాలి, కొత్తవాళ్ళకు అది తలనొప్పి.

పోలీసు కేసులకో కోర్టుకో సీసీ కెమెరా వీడియో ఇవ్వాల్సి వస్తే మీ అంతట మీరు రాసి ఇచ్చేయకండి, వకీలును అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. చెరిపి మళ్ళీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ అలాంటి పనికి వాడొద్దు.

మిగతావి

నీరో పేరు వినని పాత కంప్యూటర్ యజమాని ఉండడు. జర్మనీలో పుట్టింది, చాలా పనులు చేస్తుంది, డబ్బు పెట్టి కొనాలి. ఒకప్పుడు వీసీడీ చేయాలంటే మా ఊళ్ళో స్టూడియోవాళ్ళందరికీ ఇదే దిక్కు. ఏడాదికి పది డిస్కులు రాసే ఇంటికి మాత్రం ఇప్పుడు దీన్ని కొనమని చెప్పను. క్రాక్ చేసిన కాపీ అసలే వద్దు. అలాంటి కాపీ ఒకటి తెలిసినవాళ్ళ దగ్గర తీసుకుని వైరస్ వల్ల ఫోటోలన్నీ పోగొట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఉంది.

అశాంపూ బర్నింగ్ స్టూడియో ఫ్రీ చూడటానికి శుభ్రంగా ఉంటుంది, పనీ బాగానే చేస్తుంది, మెయిల్ ఐడీ ఇచ్చి నమోదు చేసుకోమంటుంది. బర్న్‌అవేర్ ఫ్రీ తేలికైనది, పాత నెమ్మది కంప్యూటర్లలో కూడా ఆగకుండా నడుస్తుంది. ఇంటి వాడకానికే ఉచితం. సీడీబర్నర్‌ఎక్స్‌పీ మీ కంప్యూటర్‌లో ఎందుకో ఎక్కకపోతే దీన్ని వేసుకోండి.

లినక్స్ వాడేవాళ్ళకు కే3బీ. ఖాళీ లేకుండా పాటలు, ప్లేయర్ తెర మీద పాట పేరు చూపించే సీడీ టెక్స్ట్, డిస్క్ కాపీ, సరిచూడటం అన్నీ ఒకే చోట ఉంటాయి, దానికి పోటీ నాకు కనిపించలేదు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో బ్రసేరో సరళంగా ఉంటుంది. మ్యాక్ ఉన్నవాళ్ళు ఏదీ వెతకక్కర్లేదు, మ్యూజిక్ యాప్‌లో ప్లేలిస్ట్ పెట్టి డిస్క్‌కు బర్న్ చేయొచ్చు, ఫైళ్ళను ఫైండర్ రాస్తుంది.

పెళ్ళి వీడియో టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే ఇవేవీ ఒంటరిగా సరిపోవు. ఫోన్‌లోని ఎంపీ4ను డీవీడీలో పడేస్తే పాత ప్లేయర్ తీసుకోదు. దానికి ఎంపెగ్-2 వీడియో, వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో నిర్ణీత ఫైళ్ళు ఉండాలి. ఉచితంగా దొరికే డీవీడీస్టైలర్ ఈ మార్పిడి చేసి, మెనూ కూడా పెట్టి ఇస్తుంది. రెండు గంటల వీడియోకు పాత కంప్యూటర్ రాత్రంతా తీసుకోవచ్చు, పడుకునే ముందు పెట్టండి. విండోస్ 7లో ఉన్న డీవీడీ మేకర్‌ను విండోస్ 8 నుంచి తీసేశారు కాబట్టి దాని కోసం వెతికి టైం వృథా చేసుకోకండి.

తెలుగు పేర్లు

ఈ సంగతి తెలుగువాళ్ళకే ఎదురవుతుంది కాబట్టి విడిగా చెబుతున్నాను. ఫైలుకు తెలుగులో పేరు పెట్టి సీడీలో రాయొచ్చా? కంప్యూటర్‌లో తెరిచేదైతే రాయొచ్చు. జోలియెట్ అనే పద్ధతి తెలుగు అక్షరాలను ఒప్పుకుంటుంది, కానీ పేరుకు 64 గుర్తులే హద్దు. తెలుగులో ఒక్క అక్షరం అనుకునేది లోపల రెండు మూడు గుర్తులు. బతుకమ్మ అంటే మనకు నాలుగు అక్షరాలు, కంప్యూటర్ లెక్కలో ఏడు. శ్రీ ఒక్కటే నాలుగు. కాబట్టి పాట పల్లవి మొత్తం ఫైలు పేరుగా పెడితే చివర తెగిపోతుంది, లేదా సాఫ్ట్‌వేర్ పేరు మార్చమంటుంది.

కారు ప్లేయర్ తెర మీద తెలుగు కనిపించదు, డబ్బాలో గళ్ళో, ప్రశ్నార్థకాలో వస్తాయి. ఆడియో సీడీలో పాట పేరు చూపించే సీడీ టెక్స్ట్‌కు తెలుగు లిపి అసలే రాదు. అందుకే అత్తమ్మ డిస్కుల్లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అని అంకెలు వేసి పెట్టాను. తెలుగు పేర్లు కాగితం మీద రాసి కవర్‌లో ఉంచాను. ఆమె చూసేది ఆ కాగితమే.

వేగం, రైటర్, డిస్క్

సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా 52ఎక్స్ వేగంతో రాయిస్తే పాత ప్లేయర్ దగ్గర పాట స్ట్రక్ అవుతుందన్నది నా అనుభవం. 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. 16ఎక్స్‌లో 80 నిమిషాల సీడీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో మూడు నిమిషాలు మిగుల్చుకోవడానికి డిస్క్ పాడుచేసుకోవడం ఎందుకు? 16 లేదా 24 దగ్గర ఆపండి. వేగం ఎంచుకోనివ్వని సాఫ్ట్‌వేర్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

లాప్‌టాప్‌లలో రైటర్ రావడం లేదు కాబట్టి బయట తగిలించే యూఎస్‌బీ రైటర్ కొనాల్సి వస్తుంది. దాన్ని హబ్‌కు గుచ్చకండి, నేరుగా లాప్‌టాప్‌కు గుచ్చండి, డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టుకు. రాసేటప్పుడు దానికి కరెంటు ఎక్కువ కావాలి, చాలకపోతే సగంలో ఎర్రర్ కొట్టి డిస్క్ వేస్ట్ అవుతుంది. మనం నింద సాఫ్ట్‌వేర్ మీద వేస్తాం.

ఖాళీ సీడీలు ఒకప్పుడు ఎక్కడ అడిగినా మోసర్ బేర్ దొరికేవి, ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. ఇప్పుడు నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల నాలుగు షాపులు తిరిగితే ఒకదాంట్లో దొరుకుతున్నాయి. డబ్బా కొనేముందు ఒకటి రాసి, ఇచ్చేవాళ్ళ ప్లేయర్‌లో పెట్టి చూడండి. ఆర్‌డబ్ల్యూ డిస్కులు పాత ప్లేయర్లలో చాలావాటికి చదవడం రాదు, ప్రయోగాలకు తప్ప తీసుకోకండి. డేటా సీడీని సాఫ్ట్‌వేర్ సరిచూస్తుంది, ఆడియో సీడీకి మన చెవే పరీక్ష. మొదటి పాట, చివరి పాట తప్పక వినండి. లోపల నుంచి బయటికి రాస్తుంది కాబట్టి తేడా వస్తే ఎక్కువగా చివర్లోనే వస్తుంది.

మన దగ్గర మే నెల ఎండలో మూసిన కారు లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రైట్ చేసిన సీడీలో రంగు పొర వేడికి, వెలుతురుకు పాడవుతుంది. డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. పేరు రాసే వైపు గట్టిది అనుకుని దాన్ని కిందికి పెడతారు చాలామంది. సీడీలో నిజానికి పల్చని వైపు అదే, మెరిసే పొర దాని కిందే ఉంటుంది. బాల్‌పెన్నుతో రాయొద్దు, స్టిక్కరు అంటించొద్దు. సీడీ మార్కర్‌తో మధ్య వలయం దగ్గర రాయండి.

ఎవరికి ఏది

ఏడాదికి రెండు మూడు పాటల సీడీలు చాలు అనుకుంటే విండోస్ మీడియా ప్లేయర్‌తో ఆగండి, ఏదీ వేయక్కర్లేదు. ఫోటోలు, సర్టిఫికెట్లు దాచుకోవాలంటే సరిచూసే సీడీబర్నర్‌ఎక్స్‌పీ. ఇంట్లో జబ్బుతో ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ళు ఉంటే ఇమ్గ్‌బర్న్ ఈ రోజే నేర్చుకోండి, స్కాన్ సీడీ ఇంటికి వచ్చిన సాయంత్రమే ఐఎస్ఓ తీసి పెట్టండి. అలాంటి సీడీని షాపులో కాపీ చేయించడం నాకు ఇష్టం ఉండదు, రోగి పేరు, వయసుతో సహా అన్నీ వాళ్ళ కంప్యూటర్‌లో ఉండిపోతాయి.

అత్తమ్మకు చివరికి నాలుగు ఆడియో సీడీలు చేసి ఇచ్చాను, ఒక్కో అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక్కోటి, మీడియా ప్లేయర్‌లోనే, ఖాళీ లేకుండా, నెమ్మది వేగంతో. సద్దుల బతుకమ్మకు ముందు రోజు దేవరకొండ పోయి, మామయ్య కారులో కూర్చుని నాలుగింటినీ పెట్టి చూసి వచ్చాను. రెండో సెట్టు మా ఇంట్లో బీరువాలో, చీరల కింద చీకట్లో ఉంది. మొన్న అటక దులుపుతుంటే ఇంకో రెండు క్యాసెట్లు దొరికాయట, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలి. నా డబ్బాలో ఇంకా పదకొండు సీడీలు మిగిలే ఉన్నాయి.